వినినంతనె వేగపడక

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు ఇరవై తొమ్మిది, ఉండేది హైదరాబాదులో. పొద్దున లేవగానే చుట్టాల వాట్సాప్ గ్రూపులో పది మంచిమాటలు వచ్చి పడతాయి. నచ్చినవాటిని ఫోన్‌లో దాచుకుంటావు. అలా దాచినవి నాలుగు వందలు దాటాయి. మొన్న కంపెనీ వాళ్లు నిన్ను ఉద్యోగంలోంచి తీసేసిన వారంలో మాత్రం వాటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. "ఇంకొకరి మాటల్లో మన బతుక్కి పనికొచ్చేది నిజంగా ఏమైనా ఉంటుందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగావు. సంతోషం గురించీ అడిగావు.

"నువ్వు" అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. నా చిన్న కూతురు నీకంటే రెండేళ్లు పెద్దది. కడప జిల్లా బళ్లలో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. అంటే ఎదుటివాళ్ల మాటలు పిల్లల చేత బట్టీ పట్టించడమే నా వృత్తి. ఆ మాటల్లో ఎన్ని పనికొచ్చాయి, ఎన్ని నా కొంప ముంచాయి అన్నది కొంత తెలుసు కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

నాలుగు వందలు దాచినా ఒక్కటీ గుర్తుకు రాకపోవడంలో నీ తప్పు లేదు. దాచింది ఫోను. నువ్వు వేలితో నొక్కావంతే. నా దగ్గర చదివిన పిల్లల్లో లెక్కల్లో సున్నా వచ్చేవాడు కూడా "గంగిగోవు పాలు గరిటెడైనను చాలు" అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వాడు తెలివైనవాడని కాదు, ఆ పద్యం కట్టిన పద్ధతి అది. ఆటవెలది గానీ కందం గానీ నోటికి పట్టడానికే పుట్టిన కొలతలు. కందంలో నాలుగు పాదాలకీ రెండో అక్షరం ఒకటే ఉండాలి, దాన్నే ప్రాస అంటాం. ఒక పాదం నోట్లోకి వస్తే తర్వాతి పాదం ఆ అక్షరం పట్టుకుని దానంతటది వస్తుంది. ఫార్వర్డుల్లో వచ్చే ఇంగ్లీషు మాటల తెలుగు అనువాదాలకి ఆ కొక్కెం లేదు. చదివినప్పుడు "అబ్బ, ఎంత నిజం" అనిపిస్తుంది, మధ్యాహ్నానికి జారిపోతుంది.

నీ ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పే పద్యం సుమతీ శతకంలోనే ఉంది. ఐదో తరగతిలో చదివే ఉంటావు.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడెపో నీతిపరుడు మహిలో సుమతీ

మా బళ్లో పరీక్షకి దీని భావం రాయమంటే పిల్లలందరూ "ఎవరు చెప్పినా వినాలి" అని మొదలుపెట్టి అక్కడే ఆపేసేవాళ్లు. మొదటి పాదం ఒక్కటే వాళ్లకి అందేది. పెద్దవాళ్లమూ అంతే. వినడం ఒక పాదం. తొందరపడకుండా విడదీసి చూడడం ఇంకో పాదం. అబద్ధమేదో నిజమేదో స్వయంగా "కని" తెలుసుకోవడం మూడోది. వినడానికి ఒక్క పాదం ఇచ్చి, విన్న తర్వాత చేయాల్సిన పనికి రెండు పాదాలు ఇచ్చాడు. నీ నాలుగు వందల మాటలూ మొదటి పాదం దగ్గరే ఆగిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించు. "ఎవ్వరు చెప్పిన" అన్నాడు, "పెద్దలు చెప్పిన" అనలేదు. ఈ శతకం బద్దెన రాశాడంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. రాసినవాడెవరో తేలని పుస్తకమే చెప్పినవాడి పేరు చూసి మోసపోవద్దని చెబుతోంది, బాగుంది కదా!

పేరు సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. నీకు వచ్చేవాటిలో బుద్ధుడి బొమ్మ కింద, కలాం గారి బొమ్మ కింద ఉన్న మాటల్లో చాలావాటికి వాళ్లతో సంబంధం ఉండదు. "చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ వేరే ఫలితం ఆశించడమే పిచ్చి" అనే మాటని ఐన్‌స్టీన్ పేరుతో తిప్పుతారు. ఆయన అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. ఇదేదో ఫోన్లు వచ్చాక పుట్టిన రోగం అనుకోకు. మన వేమన్నకి ఎప్పుడో జరిగింది. సి.పి. బ్రౌన్ దొర కడపలో ఉద్యోగం చేసినవాడు, ఊరూరా తాళపత్రాలు వెతికించి 1829లో వేమన పద్యాలు అచ్చువేస్తే 693 తేలాయి. పదేళ్ల తర్వాత 1839లో రెండో కూర్పు వేసేసరికి వెయ్యి దాటాయి. ఆ తర్వాత అచ్చయిన పుస్తకాల్లో ఇంకా పెరిగాయి. చివర "విశ్వదాభిరామ వినురవేమ" తగిలిస్తే చాలు, ఎవరి కోపమైనా, ఎవరి చమత్కారమైనా వేమన్నదే అయిపోయేది. అప్పటి ఫార్వర్డు అది. అందుకని పేరు చూసి నమ్మకు, పేరు తప్పని తెలిసిందని మాటని పారేయకు. అది నిలిచే మాటో కాదో వేరే చోట తేలాలి.

ఎక్కడ తేలుతుందంటే, ముందు మాట మొత్తం వినాలి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ ముప్పై నాలుగేళ్లలో నేను చూసిన పొరపాట్లలో సగం ఇదే. "మేడిపండు చూడ మేలిమై యుండును, పొట్ట విచ్చి చూడ పురుగులుండు." ఈ రెండు పాదాలూ తెలియని తెలుగువాడు లేడు. నాయకుల మీద, స్వాముల మీద, పక్కింటివాళ్ల సంసారం మీద వాడతారు. పైకి బాగుండి లోపల కుళ్లినవాళ్లందరికీ అతికిస్తారు. మూడో పాదం చెప్పమంటే నోరు కదలదు. "పిరికివాని మదిని బింకమీలాగురా." వేమన మాట్లాడుతున్నది దొంగల గురించి కాదమ్మా, పిరికివాడి గురించి. లోపల భయం తొలుస్తుంటే పైకి బింకంగా నిలబడేవాడి గురించి. నేను హెడ్మాస్టరైన కొత్తలో స్టాఫ్ మీటింగులో గొంతు పెంచి మాట్లాడేవాణ్ని. ఒకరోజు ఈ పద్యం పాఠం చెబుతూ మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి నాలిక తడబడింది. అప్పటిదాకా ఎదుటివాళ్ల వైపు తిప్పి పట్టుకున్న పద్యం ఆ పూట నా వైపు తిరిగింది. రెండు పాదాలతో వదిలేసి ఉంటే చచ్చేదాకా తిరిగేది కాదు.

మొత్తం వినడం తర్వాత, ఆ మాట ఎవరు ఎవరితో అన్నారన్నది చూడాలి. దీనికి పోతన భాగవతం ఎనిమిదో స్కంధం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. వామనుడు మూడడుగులు అడిగాడు, బలి ఇస్తానన్నాడు. గురువు శుక్రాచార్యుడికి అసలు సంగతి తెలిసిపోయి ఇవ్వొద్దు అంటాడు. మాట ఇచ్చాను కదా అంటే, ఆడిన మాట తప్పినా పర్లేదని ఈ పద్యం చెబుతాడు.

వారిజాక్షులందు వైవాహికములందు
ప్రాణ విత్త మాన భంగమందు
చకిత గోకులాగ్ర జన్మ రక్షణమందు
బొంకవచ్చు నఘము పొంద దధిప

ఆడవాళ్ల దగ్గర, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణమో డబ్బో మానమో పోయేటప్పుడు, ఆవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడాల్సినప్పుడు అబద్ధమాడొచ్చు, పాపం అంటదు అని. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి జీతం రెండింతలు చేసి చెప్పేవాళ్లు ఈ పద్యం చదివి "పోతనగారే అన్నారు" అనడం నా చెవులతో విన్నాను. పోతన అనలేదు. పోతన కథలో శుక్రుడు అన్నాడు, రాజ్యం పోతుందన్న భయంతో, ఇష్టమైన శిష్యుణ్ని కాపాడుకుందామని అన్నాడు. బలి ఆ మాట వినలేదు. వినకపోవడమే ఆ కథ. బలి తిరిగి చెప్పిన జవాబే "కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే, వారేరీ, సిరి మూటగట్టుకొని పోవంజాలిరే" అనే పద్యం. ఎంతమంది రాజులు రాలేదు, వాళ్లంతా ఏరీ, సిరిని మూటగట్టుకుని పోగలిగారా అని. ఆ పద్యం చివరి మాట "భార్గవా", అది శుక్రుడి పేరే. అంటే అది లోకానికి చేసిన ఉపదేశం కాదు, ఎదురుగా నిలబడి వద్దంటున్న గురువుకి ఇచ్చిన సమాధానం.

ఈ రెండో పద్యానికీ దుర్వినియోగం ఉంది. చందా వసూలుకి వచ్చినవాళ్లు "ఏం కట్టుకుపోతాం సార్" అంటుంటారు. ఆస్తి పంపకాల్లో ఎక్కువ లాక్కున్న అన్న, అడగొచ్చిన తమ్ముడికి ఇదే చెబుతాడు. బలి ఆ మాట అన్నది తన చేతిలోది ఇచ్చేస్తూ. ఇచ్చేవాడి నోట అది జ్ఞానం. పుచ్చుకునేవాడి నోట అదే మాట జేబుకత్తెర. వాక్యం మారలేదు, నోరు మారింది. నీ ఫోన్లో ఉన్న నాలుగు వందల్లో "ఉన్నదానితో తృప్తి పడు" అన్న రకం మాటలు ఉండే ఉంటాయి. అది తనకు తాను చెప్పుకున్నవాడి మాటా, జీతం పెంచని యజమాని మాటా అని ఒకసారి అడిగి చూడు.

ఇక నా కొంప మునిగిన సంగతి.

1998లో మా నాన్నకి తిరుపతిలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నా దగ్గర ఉన్నది చాలలేదు. తమ్ముడికి ఆదోనిలో పత్తి వ్యాపారం, నాలుగు రాళ్లు వెనకేశాడనే పేరు. కబురు పెడితే రాలేదు, డబ్బూ పంపలేదు. మళ్లీ ఫోన్ చేయిస్తే "చూస్తాన్లే" అన్నాడట. సొసైటీలో లోను తీసుకుని ఆపరేషన్ చేయించాను. నాన్న బాగైపోయి ఇంటికొచ్చాడు. ఆ రోజు సాయంత్రం ఒక పోస్టుకార్డు తీసుకుని, మా స్కూల్లో నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా ఈ పద్యం రాసి తమ్ముడికి పంపాను.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగ వలయు గదరా సుమతీ

కింద సంతకం కూడా పెట్టలేదు. పోస్టుమ్యాన్ చదువుతాడు, వాళ్ల వీధి అంతా చదువుతుంది అని తెలిసే కవరు వాడకుండా కార్డు వాడాను. అంత కసి. తొమ్మిదేళ్లు మా మధ్య మాటల్లేవు. నాన్న 2004లో పోయాడు. మధ్యలో ఆరేళ్లు ఇద్దరు కొడుకుల ఇళ్లకీ తిరుగుతూ, ఒకడి దగ్గర ఇంకొకడి పేరు ఎత్తకుండా బతికాడు. కర్మకాండలు పక్కపక్కన కూర్చుని చేశాం, చూపులు కలపకుండా.

2007లో మా చెల్లెలి కూతురి పెళ్లిలో మా మరదలు నా భార్యతో అన్న మాటతో విషయం బయటపడింది. ఆపరేషన్ నెలలోనే తమ్ముడి దగ్గర సరుకు తీసుకున్న పార్టీ ఒకడు రాత్రికి రాత్రి పారిపోయాడు. మా మరదలు పుస్తెలు కుదువపెట్టి, మెళ్లో ఉత్త పసుపుతాడుతో తిరిగింది. అన్నకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. "చూస్తాన్లే" అంటే నిజంగానే చూస్తున్నాడు, ఎక్కడైనా పుడుతుందేమోనని.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ పద్యాన్నే తిప్పి తిప్పి చూశాను. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న పద్యం. అక్కర, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు. ప్రాస "క్క". అప్పుడు తట్టింది. నాలుగో పాదంలో "గ్రక్కున" అన్న మాట, అంటే వెంటనే, టక్కున విడిచెయ్యి అన్న మాట, ఆ చోట ఉండడానికి ఒక కారణం ప్రాస. ఆ కవికి "క్క" ఉన్న మాట ఒకటి కావాలి. "మెల్లగ" అంటే పద్యం కుదరదు. వదిలేయాలన్నది ఆయన అభిప్రాయం కావచ్చు గానీ, టక్కున వదిలేయాలన్న తొందరలో కందానికీ వాటా ఉంది. నేను పంతుల్ని, ఆ సంగతి నాకు తెలియాలి. అయినా ఒక ప్రాసాక్షరం పట్టుకుని తొమ్మిదేళ్లు తమ్ముణ్ని వదిలేశాను. అదే శతకంలో, అదే కందంలో "వినినంతనె వేగపడక" అని ఉంది. అదే శతకంలో అపకారికి కూడా నెపమెన్నకుండా ఉపకారం చేసేవాడే నేర్పరి అని ఉంది. మూడూ నాకు కంఠతా వచ్చు. కోపంలో చేతికి అందింది మాత్రం నా కోపానికి సరిపోయేదే.

ఎదుటివాళ్ల మాటల దగ్గరికి మనం ఖాళీ చేతులతో పోమమ్మా. ముందే ఒక నిర్ణయానికి వచ్చి, దానికి సాక్షిని వెతుక్కుంటూ పోతాం. సాక్షి ఎప్పుడూ దొరుకుతాడు. మన సామెతలే చూడు. "ఆలస్యం అమృతం విషం" అంటాం, "నిదానమే ప్రధానం" అంటాం. "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అనేదీ మనమే, పొరుగువాడికి తోడుపడమని చెప్పుకునేదీ మనమే. కార్ అనే ఇంగ్లీషు మిలిటరీ ఆఫీసరు 1868లో తెలుగు సామెతలు పోగుచేసి మద్రాసులో అచ్చువేస్తే రెండు వేల పైచిలుకు తేలాయి. అన్నింటిలో ఏ పనికైనా ఒకటి, దాని ఎదురు పనికి ఒకటి దొరుకుతుంది. ఇది లోపం అనుకునేవాళ్లున్నారు. నేననుకోను. మా అమ్మ వంటింట్లో ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా పక్కపక్కనే ఉండేవి. ఆ రెండూ కొట్టుకుంటున్నాయని ఎవరూ అనరు. ఏ రోజు ఏది వేయాలన్నది డబ్బా మీద రాసి ఉండదు, చేతికి తెలియాలి.

అందుకే నీకు ఒక మాట నచ్చిన మరుక్షణం దాని ఎదురు మాట వెతుకు. వెంటనే దొరక్కపోతే మీ ఇంట్లో పెద్దవాళ్లని అడుగు, ఉత్సాహంగా చెబుతారు. రెండూ పక్కన పెట్టుకుంటే అప్పుడు నీ సంగతి నీకు కనిపిస్తుంది. కొలత గురించి పెద్దవాళ్లు ఎంత జాగ్రత్తగా మాట్లాడారో కూడా కనిపిస్తుంది. గురజాడ 1910లో రాసిన దేశభక్తి గేయంలో "సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్" అన్నాడు. "కొంత" మానుకో అన్నాడు. మొత్తం మానుకోమనలేదు. సభల్లో ఆ పాదం చదివేవాళ్లు "సొంత లాభం" అని గట్టిగా అని "కొంత"ని మింగేస్తారు. ఆ గేయంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన మాట ఆ "కొంత". ఇల్లు అప్పులపాలు చేసుకుని ఊరికి ఉపకారం చేసి, తర్వాత ఊరినే తిట్టుకుంటూ బతికినవాళ్లని ఇద్దరిని ఎరుగుదును.

నువ్వు సంతోషం గురించి కూడా అడిగావు. తెలుగువాళ్లకి సంతోషం అనగానే నోటికి వచ్చేది "తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష, దయ చుట్టంబౌ, తన సంతోషమె స్వర్గము, తన దుఃఖమె నరకమండ్రు తథ్యము సుమతీ". నెమ్మదిగా చదువు. కోపానికి "తన", శాంతానికి "తన", సంతోషానికి, దుఃఖానికి "తన". దయ దగ్గర మాత్రం "తన" లేదు. ఉత్త "దయ చుట్టంబౌ". తక్కినవన్నీ ఇంట్లోవాళ్లు, దయ ఒక్కటే చుట్టం. రాకపోకలు ఉంటేనే నిలిచే బంధుత్వం. కవి ఇదంతా ఆలోచించి పెట్టాడని ప్రమాణం చేయను, ఛందస్సు కోసం కూడా పడి ఉండొచ్చు (నేను ఇప్పుడు ప్రాసలంటే కాస్త భయపడతాను). కానీ పది మాటల మధ్య ఒక ఖాళీ కనిపిస్తే దాని ముందు కాసేపు కూర్చోవడం మంచిదే.

ఈ పద్యంతో ఒక ప్రమాదం ఉంది. ఇది ఎవరికి వాళ్లు చెప్పుకోవాల్సిన పద్యం. ఉద్యోగం పోయి కూర్చున్న పిల్లకి "నీ సంతోషం నీ చేతిలోనే ఉందమ్మా" అంటే అది క్రూరత్వం. ఇంటి అద్దె ఆమె చేతిలో లేదు కదా! మీ గ్రూపులో ఆ వారం నీకు ఇలాంటివే ఎక్కువ వచ్చి ఉంటాయి, అందుకే అవి అంటుకోలేదు. అలాంటి రోజుకి నేనైతే వేమన్నది ఇంకో పద్యం తీస్తాను.

చెప్పులోన రాయి చెవిలోని జోరీగ
కంటిలోన నలుసు కాలిముల్లు
ఇంటిలోని పోరు ఇంతింత కాదయా
విశ్వదాభిరామ వినురవేమ

ఇందులో ఉపదేశం లేదు. ఓర్చుకో అనలేదు, నవ్వుతూ ఉండు అనలేదు. బాధ పెట్టేవాటి జాబితా ఇచ్చి, ఇవి చిన్నవి కావు సుమా అని ఊరుకున్నాడు. నా బాధ చిన్నదేమో, చెప్పుకుంటే నవ్వుతారేమో అని కుమిలిపోయేవాడికి ఇది తోడు. ఇంకా చూడు, మొదటి నాలుగూ తీసేయగలిగినవే. రాయి దులపొచ్చు, ముల్లు లాగొచ్చు, నలుసు తీయడానికి ఇంకొకరి సాయం కావాలి. రాయి ఉన్న చెప్పుతో నడుస్తూ నడక గొప్పతనం గురించి ఫార్వర్డులు చదివేవాళ్లని చాలామందిని చూశాను. ఉద్యోగం పోవడం పెద్ద సంగతే, దాని చుట్టూ ఉన్న చిన్నవేమిటో ఒక కాగితం మీద రాయి. అమ్మానాన్నలకి ఇంకా చెప్పకపోవడం ఒక రాయి అని నీ ప్రశ్న చివరి లైను చూస్తే నాకనిపించింది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. నిద్ర లేకుండా వారాలు గడిచినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా పద్యాలు పక్కన పెట్టు. 14416కి ఫోన్ చేయి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. "అప్పిచ్చువాడు, వైద్యుడు" లేని ఊళ్లో ఉండొద్దన్నది కూడా సుమతీ శతకమే. అందులో అప్పిచ్చువాడు ఇప్పుడు అడక్కుండానే ఫోన్లోకి వచ్చి కూర్చున్నాడు, వాడి జోలికి మాత్రం పోకు. నీకు కావాల్సింది వైద్యుడు.

పాతవన్నీ బంగారం అని నేననడం లేదు. సుమతీ శతకంలోనే ఆడవాళ్ల మీద, కొన్ని కులాల మీద ఉన్న పద్యాలు నేను తరగతిలో చెప్పకుండా దాటేశాను, తర్వాత్తర్వాత "ఇవి తప్పు" అని చెప్పి మరీ చదివించాను. "కరణము గరణము నమ్మిన మరణాంతక మౌను" అన్న పద్యం ఊరి లెక్కలు రాసే కరణాల లోపలి గొడవ. కరణాలు పోయారు, పద్యం మిగిలింది. దాన్ని చరిత్రగా చదవాలి, బతుకు సూత్రంగా కాదు. మంచిమాటల పుస్తకంలో ప్రతి పేజీకీ దండం పెట్టక్కర్లేదు.

ఇంకో సంగతి. నువ్వు గొప్పవాళ్ల మాటలే వెతుకుతున్నావు. నాకు బాగా పనికొచ్చిన మాటల్లో ఒకటి మా స్కూలు అటెండరుది. ట్రాన్స్‌ఫర్ల సీజను, నా పేరు జాబితాలో ఉందో లేదో తెలియక నెల రోజులు నిద్రపోలేదు. ఒక సాయంత్రం మైదుకూరు బస్టాండులో ఇద్దరం కూర్చున్నాం. దూరంగా ఏ బస్సు హారన్ వినిపించినా నేను లేచి నిలబడుతున్నాను. నాలుగోసారి లేచేసరికి ఆయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "బస్సొచ్చినాక లేస్తాంలే సార్. ఇప్పట్నుంచే నిలబడితే నొచ్చేది మన కాళ్లే గదా" అన్నాడు. బస్సు గురించే అన్నాడు, నా ట్రాన్స్‌ఫరు సంగతి ఆయనకి తెలియదు. అది ఏ పుస్తకంలోనూ లేదు. రిటైర్మెంటు కాగితాలప్పుడు, గుండె పరీక్షలకి పోయినప్పుడు, అమ్మాయి పురుడప్పుడు, ఆ మాటే గుర్తొచ్చింది. మాట అన్న మనిషి, ఆ బెంచీ, ఆ సాయంత్రం అన్నీ కలిసి గుర్తుండడం వల్ల అది నాలో నిలబడింది. నీకూ అలాంటివి నాలుగైదు ఉంటాయి. అమ్మమ్మ అన్నవో, హాస్టల్లో వంటామె అన్నవో. ముందు అవి రాసుకో.

రాసుకోవడం అంటే ఫోన్లో కాదు. మామూలు రూళ్ల నోటుపుస్తకం కొను. పేజీకి ఒక్క మాట, పద్యమైతే నాలుగు పాదాలూ. కింద జాగా వదులు. ఆ మాట నీకు నిజంగా ఎప్పుడు గుర్తొచ్చిందో ఆ రోజు తేదీ వేసి, ఏం జరిగిందో రెండు వాక్యాలు రాయి. పనికి రాకపోతే రాలేదని రాయి. నేను 2007 నుంచి ఇలా రాస్తున్నాను. ఇన్నేళ్లలో నలభై పేజీలు కూడా నిండలేదు. కొన్ని పేజీల కింద ఒక్క తేదీ కూడా లేదు, అంటే నాకు అందంగా కనిపించాయి గానీ అవసరం పడలేదు. "అక్కరకు రాని చుట్టము" పేజీ కింద రెండు తేదీలున్నాయి. రెండోది ఒక చిట్టీల మనిషి విషయంలో, అక్కడ మాత్రం ఆ పద్యం చెప్పినట్టే గ్రక్కున విడిచి డబ్బు దక్కించుకున్నాను. కాబట్టి తప్పు పద్యానిది కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా, సుమతీ శతకం, వేమన చాలు. బస్టాండు పుస్తకాల కొట్లో కూడా దొరుకుతాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులోనూ శతకాలు ఉన్నాయి. కాస్త అలవాటయ్యాక భర్తృహరి సుభాషితాలకి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు చదువు. మూర్ఖుణ్ని ఒప్పించడం కంటే ఇసుకలోంచి నూనె తీయడం సులువన్న పద్యం అందులోదే, ఆఫీసు మీటింగులు చూసినదానివి కాబట్టి నీకు వెంటనే ఎక్కుతుంది. వారానికి ఒక్క పద్యం, అంతకంటే వద్దు. నాలుగు వందల స్క్రీన్‌షాట్లు తీసేయమని చెప్పను. వాటిలోంచి పేరు చూడకుండా పది ఏరి, రేపు పొద్దున మీ అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించు. ఆమె దేనికి నవ్వుతుందో, దేనికి "ఆఁ, చెప్పొచ్చాడు" అంటుందో చూడు. ఆ ఫోన్లోనే ఉద్యోగం సంగతీ చెప్పేయొచ్చు.

ఆ కార్డు ఏమైందని అడుగుతావేమో. తమ్ముడి దగ్గరే ఉంది. ఆదోనిలో వాడి కొట్టు గల్లాపెట్టెలో, లక్ష్మీదేవి పటం వెనక. కిందటి సంక్రాంతికి పోయినప్పుడు "ఇట్లా తేరా, చించేస్తాను" అని అడిగాను. "ఇయ్యను పో. రాసేటప్పుడు ఆలోచించింటే అయిపోయేది" అన్నాడు. మరదలు నవ్వి, నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.